మొహానికెంత దూరం?

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుఫాను మా యానాం ఇంట్లో ట్రంకుపెట్టెనూ వదల్లేదు. పాత ఫోటోలన్నీ నాని ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఫ్రెంచివాళ్ళ పాలన ఎరిగినవాళ్ళలో మా ఇంట అప్పటికి మిగిలింది పెదనాన్నగారొక్కరే. ఆయన బొమ్మ ఒక్కటైనా తీసి ఉంచాలని మరుసటేడు పాండిచ్చేరి నుంచి బయల్దేరాను. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం; మా రాజధాని మాకంత దగ్గర!

కెమెరా స్నేహితుడిది, లైకా ఎం3. 1954లో వచ్చిన మోడలు. ఆ ఏడాది జూన్ 13నే యానాం ఫ్రెంచివారి చెయ్యి జారింది. (చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న.) రెంటికీ సంబంధం లేదనుకోండి, నాకెందుకో కలిపి చెప్పుకోవాలనిపిస్తుంది.

రేంజిఫైండరు కెమెరాలో లెన్సు గుండా చూడం. పక్కనున్న కిటికీలో జంటగా కనిపించే బొమ్మల్ని ఒకటి చేస్తే ఫోకసు కుదిరినట్టు. 1932లో లైకా ఈ ఏర్పాటును లెన్సుతో జతచేసింది. మొహాల కోసం 1931లోనే 90 మిల్లీమీటర్ల ఎల్మార్ వచ్చింది గాని, దానికి కెమెరా నెత్తిన వేరే వ్యూఫైండరు తగిలించాలి. ఎం3తోనే 50, 90, 135 చట్రాలు కిటికీలో తెల్లగీతలుగా వెలిగాయి.

ముందు నాకున్న 50తోనే ప్రయత్నించాను. తల, భుజాలు చట్రం నిండాలంటే 85 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళాలి. "ఏవిట్రా అబ్బాయ్, కళ్ళ డాక్టరులా మీదికొస్తావ్?" అని పెదనాన్నగారు వెనక్కి వాలారు. బొమ్మలో ముక్కు ముందు, మనిషి వెనక. తప్పు లెన్సుది కాదు, నేను నిలబడ్డ దూరానిది. 90తో అదే బొమ్మకి మీటరున్నర చాలు.

స్నేహితుడు రెండు 90లు ఇచ్చాడు. ఎఫ్/2 సమ్మిక్రాన్ బరువు, ఖరీదు, దర్జా. ఎఫ్/4 ఎల్మార్ పాతది, సన్నది. మర సైజు వేరు కాబట్టి మధ్యలో రింగు వెయ్యాలి, 90 చట్రాన్ని రప్పించే రింగే. సహజంగానే దర్జా వైపు మొగ్గాను. మీటరున్నరలో ఎఫ్/2కి స్పష్టంగా వచ్చేది మూడు సెంటీమీటర్ల మేర. కళ్ళు బాగా వచ్చాయి. ప్రింటు చూసి ఆయన, "చెవులు చెరిపేశావేం, నాకేం చెవుడా?" అన్నారు. రేంజిఫైండరుతో వచ్చిన చిక్కే ఇది: కిటికీలో అంతా స్పష్టంగానే ఉంటుంది, ఏది మసకబారిందో ప్రింటు వచ్చేదాకా తెలీదు.

సమ్మిక్రాన్‌నే ఎఫ్/5.6కి మూయొచ్చుగా అంటారేమో. మూయొచ్చు. పెద్ద కన్నున్న లెన్సు చేతిలో ఉంటే మూయబుద్ధి కాదు, అంతే. ఈసారి ఎల్మార్ వేసుకుని, 5.6 దగ్గర పెట్టి, అరుగు మీద ఉదయపు నీడలో కూర్చోబెట్టాను.

నేను మీటరున్నర అవతల ఉండేసరికి ఆయన కెమెరాను మరిచి కబుర్లలో పడ్డారు. బ్రిటిషు ఇండియాలో 1929 శారదా చట్టం బాల్యవివాహాలను ఆపితే, ఆ పెళ్ళిళ్ళన్నీ యానాం తరలివచ్చేవి. మా ఊరికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చిందే. చిన్నతనంలో పిలుపు ఉన్నా లేకపోయినా ఏయే పందిట్లో దూరి భోంచేసిందీ చెబుతూ నవ్వారు. అంతలోనే ఆగి, "ఆ పిల్లలు పీటల మీదే నిద్రపోయేవారురా" అన్నారు. అప్పుడు నొక్కాను.

ఆ బొమ్మ ఇప్పటికీ మా హాల్లో ఉంది. చెవి మీద దోపుకున్న చుట్ట కూడా స్పష్టంగా కనిపిస్తుంది.