ఇంట్లో కట్టిన విమానం – ఆఫీసులో ఆగిన కాగితం

విమానమంటే శంషాబాదు వెళ్లి ఎక్కేదేనని మనం అనుకుంటాం. దాన్ని ఇంట్లోనే కట్టుకునేవారు ఉన్నారంటే మా మనుమడు మొదట నమ్మలేదు. వాడి కోసం పోగుచేసిన సంగతులకు నా ఉద్యోగ కాలపు పాత బాకీ ఒకటి జోడించి, ఈ ప్రత్యేక సంచికలో మిత్రుల ముందుంచుతున్నాను.

అసలు విమానం పుట్టిందే అలా. 1903 డిసెంబరు 17న మొదటిసారి 12 సెకన్లపాటు ఎగిరిన రైటు సోదరులు సైకిళ్ల దుకాణంవారు. ఈ చరిత్ర మనకు మరీ దూరం కాదు. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంతకుముందు అది తూర్పు గోదావరి జిల్లాలోది, తెల్లవారి హయాంలో మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆ మద్రాసులో మౌంట్ రోడ్డు మీద హోటలు నడిపే డి ఏంజెలిస్ అనే కోర్సికా ద్వీపవాసి సొంత విమానం తలపెట్టాడు. గుర్రపు బగ్గీలు చేసే సింప్సన్ కంపెనీవారు కట్టిపెట్టారు. 1910 మార్చిలో పల్లావరంలో దాన్ని ఎగరేశాడు.

1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన అమెరికాలో ఇలాంటి ఔత్సాహికులకు సంఘం పెట్టాడు. ఇప్పుడు విమానాలు కిట్లుగా దొరుకుతున్నాయి. రేకులు, రివెట్లు, నక్షలు పెట్టెల్లో వస్తాయి. సగానికి మించిన పని ఔత్సాహికులే స్వయంగా చేయాలని అక్కడి నిబంధన. మన బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు కూడా బర్ట్ రూటన్ రూపొందించిన లాంగ్-ఈజీ నమూనాలో ఒక చిన్న విమానం కట్టి 1987లో ఎగరేశారు. అదే సంస్థవారి హంస విమానం 1993లో ఎగిరింది.

ఇక నా బాకీ. 1978 ప్రాంతంలో నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసుకు అడవి అంచు పల్లె నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. రాసినవాడు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే కుర్రవాడు. మోటారు సైకిలు ఇంజనుతో చిన్న విమానం కట్టదలిచానని, అనుమతి ఎవరిని అడగాలో తెలుపమని కోరాడు. సెక్షనంతా టీ తాగుతూ నవ్వుకున్నాం. 'ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు' అని నోటు రాసి ఫైలు మూసేశాను. జవాబైనా పంపలేదు. ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టర్ జనరల్‌కు రాసుకోమని ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది.

నిబంధనలు వద్దని నేను అనను. 1934లో ఫ్రాన్సులో ఆన్రీ మిన్యే అనే ఆయన ఎవరైనా కట్టుకోగల చిన్న విమానం గురించి పుస్తకం రాశాడు. దాని పేరుకు అర్థం 'ఆకాశపు పేను'. జనం ఎగబడి కట్టారు. అయితే ముక్కు కిందికి వాలితే మళ్లీ లేవని లోపం అందులో ఉంది. ప్రాణాలు పోయాయి, నిషేధాలు వచ్చాయి. కాబట్టి తనిఖీ ఉండవలసిందే.

కానీ తనిఖీ వేరు, తాత్సారం వేరు. ముంబాయిలో పైలట్ అమోల్ యాదవ్ గారు తమ ఇంటి డాబా మీదే విమానం కట్టారు. 2016లో ప్రదర్శనకు పెట్టి దేశమంతటికీ చూపించారు. రిజిస్ట్రేషన్ 2017లో దొరికింది, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చింది. విమానం డాబా దిగాక కూడా కాగితం కోసం ఏళ్లు పట్టింది. ఆ వార్త చదివిన రోజు నా పాత నోటు గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

మన పిల్లల్లో ఇప్పుడు సర్వీసులో ఉన్నవారికి ఒక్క మాట. తమ పరిధి కాకపోతే ఎవరి పరిధో రాసి పంపండి. ఆ కుర్రవాడు ఉంటే ఇప్పుడు నా ఈడువాడే. ఈ సంచిక అతని కంట పడితే, ఇన్నేళ్లు ఆలస్యమైన జవాబు ఇదేనని భావించి నన్ను మన్నించమని వేడుకుంటున్నాను.