వార్‌హ్యామర్ నుంచి కింగ్స్ ఆఫ్ వార్‌కి: బొమ్మల సైన్యాలు వలస వెళ్ళిన కథ

ఈ ఎపిసోడ్ ఒక గొడవ గురించి. 2015లో ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మొదలై చాలా దేశాలకు పాకిన గొడవ. దేని మీద అంటే, బొమ్మల మీద. నవ్వకండి. ఈ బొమ్మల కోసం జనం పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని రంగులు వేశారు.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మినియేచర్ వార్‌గేమ్ అంటే బల్ల మీద ఆడే యుద్ధం. బల్ల మామూలుగా 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. దాని మీద చెట్లు, గుట్టలు, ఇళ్ళు పెడతారు. రెండు వైపులా సైనికుల బొమ్మలు, ఒక్కోటి సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తు. టేపు పెట్టి అంగుళాల్లో కొలిచి జరుపుతారు, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేలుస్తారు. బొమ్మలు ముక్కలుగా వస్తాయి. అతికించుకోవాలి, రంగు మనమే వేసుకోవాలి. ప్రతి బొమ్మ కింద ఒక చిన్న పీట ఉంటుంది, ఇంగ్లీషులో బేస్ అంటారు. ఆ పీట గుర్తుపెట్టుకోండి. ఈ కథలో హీరో అదే.

ఈ ఆటల వంశవృక్షం మన చదరంగం దగ్గరికే వెళ్తుంది. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే ఆయన చదరంగాన్నే పట్టుకుని, గళ్ళు వెయ్యికి పైగా పెంచి, అందులో నదులు, కొండలు, ఫిరంగులు పెట్టాడు. తర్వాత ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు వచ్చారు. తండ్రి 1812లో రాజుగారికి ఒక ఆట చూపించాడు. కొడుకు సైన్యంలో ఆఫీసర్, 1824లో దాన్ని సాపు చేసి క్రీగ్‌స్పీల్ అని రూల్స్ అచ్చు వేయించాడు. గళ్ళు పోయి నిజమైన మ్యాపులు వచ్చాయి, ఎరుపు నీలం దిమ్మలు, పాచికలు, మధ్యలో ఒక అంపైర్. మ్యుఫ్లింగ్ అనే సైన్యాధికారి అది చూసి మొత్తం సైన్యానికి సిఫార్సు చేశాడు.

నాకు ఇందులో ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది 1876 నాటి సంగతి. రూల్స్, పట్టికలు మరీ ఎక్కువైపోయి ఆట నత్తనడక నడుస్తోందని, వెర్డీ డు వెర్నువా అనే జనరల్ పట్టికలన్నీ పక్కన పెట్టేసి, అంపైర్ అనుభవంతో తీర్పు చెప్తే చాలన్నాడు. మ్యాపులు అవే, దిమ్మలు అవే. రూల్స్ మాత్రమే మారాయి. సామాను అట్టే పెట్టుకుని ఆట మార్చడం అంటే ఇదే. ఎవరి సామానూ పనికిరాకుండా పోలేదు.

1913లో హెచ్.జి. వెల్స్, అవును, టైమ్ మెషీన్ రాసిన ఆయనే, లిటిల్ వార్స్ అనే పుస్తకంలో పిల్లల సీసపు సైనికులతో, స్ప్రింగు బొమ్మ ఫిరంగితో ఆడే ఆట రాశాడు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ వార్ గేమ్స్ అనే పుస్తకం వేశాడు, బ్రిటన్‌లో ఇదొక హాబీగా నిలబడింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, అప్పట్లో బొమ్మలు అమ్మేవాడు ఒకడు, రూల్స్ రాసేవాడు ఇంకొకడు. నెపోలియన్ సైనికుడి బొమ్మ ఎవరి దగ్గర కొన్నా నెపోలియన్ సైనికుడే. నెపోలియన్ మీద ఎవరికీ కాపీరైట్ లేదు కదా.

1969 నుంచి వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ అనే బృందం ప్రాచీన యుద్ధాలకు రూల్స్ వేస్తూ వచ్చింది. వాళ్ళ అలవాటు వల్ల ఒక కొలత స్థిరపడిపోయింది. 15 మిల్లీమీటర్ల బొమ్మలైతే పీట 40 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల బొమ్మలైతే 60. ఒక్కో పీట మీద ఇద్దరో, ముగ్గురో, నలుగురో. 1990లో డి.బి.ఏ. అనే చిన్న ఆట వచ్చింది, సైన్యానికి 12 పీటలే, కానీ వెడల్పు అదే. 2008లో ఫీల్డ్ ఆఫ్ గ్లోరీ వచ్చింది, వేరే ప్రచురణకర్తలు, మళ్ళీ అదే వెడల్పు. ఒక రోమన్ సైన్యం నలభై ఏళ్ళపాటు ఆట తర్వాత ఆట మారుతూ వచ్చింది, ఒక్క బొమ్మ కూడా పీకి మళ్ళీ అతికించాల్సిన పని పడలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పీట అనేది ఫైల్ ఫార్మాట్. ఫార్మాట్ అందరిదీ అయితే ప్రోగ్రామ్ ఏది పోయినా ఫైల్ ఎక్కడైనా తెరుచుకుంటుంది.

ఇప్పుడు వార్‌హ్యామర్ దగ్గరికి వద్దాం. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు గేమ్స్ వర్క్‌షాప్ పెట్టారు. 1979లో బ్రయాన్ ఆన్సెల్‌తో కలిసి సిటడెల్ అనే బొమ్మల కంపెనీ వచ్చింది. 1983లో ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీ కలిసి వార్‌హ్యామర్ మొదటి ఎడిషన్ తెచ్చారు. ఉద్దేశం దాచుకోలేదు: సిటడెల్ బొమ్మలు అమ్ముడుపోవాలి. రూల్స్ రాసేవాడు, బొమ్మలు అమ్మేవాడు ఒక్కడే అయిపోయాడు. పోనుపోను కథ కూడా వాళ్ళదే అయింది. ఓల్డ్ వరల్డ్ అనే ఒక పూర్తి లోకం. సామ్రాజ్యం, మరుగుజ్జులు, ఎల్ఫులు, ఎడారిలో సమాధుల్లోంచి లేచిన రాజులు, నేల కింద సొరంగాల్లో స్కేవెన్ అనే ఎలుక మనుషులు. సైనికుల పీటలు చదరం. వరుసలు కట్టి, భుజానికి భుజం ఆనించి నిలబెట్టేవాళ్ళు.

2010లో ఎనిమిదో ఎడిషన్ వచ్చింది. పది మంది వెడల్పున దళాన్ని నిలబెడితే ఇంకో వరుస కూడా అదనంగా కొట్టొచ్చు అన్నారు. దాంతో నలభై, యాభై మంది దళాలు మామూలైపోయాయి. కొత్తగా వచ్చేవాడికి ఆట మొదలుపెట్టకముందే వంద బొమ్మలు కొని రంగు వేయాలి. ఎవరొస్తారు చెప్పండి? నా అంచనాలో వార్‌హ్యామర్ అక్కడే జబ్బు పడింది. 2014 ఆగస్టులో ఎండ్ టైమ్స్ అనే పుస్తకాల వరస మొదలైంది, మొత్తం అయిదు. ఆఖరి పుస్తకంలో, 2015లో, ఆ లోకం నాశనమైపోయింది. పాత్రలు చచ్చిపోవడం కాదు, మ్యాప్ మొత్తం పోయింది.

జూలైలో దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ వచ్చింది. రూల్స్ నాలుగే నాలుగు పేజీలు, ఉచితం. పాత బొమ్మలన్నిటికీ పి.డి.ఎఫ్.లు కూడా ఫ్రీగా ఇచ్చారు. కాబట్టి "మీ బొమ్మలు ఇంకా పనికొస్తాయి" అన్న మాట సాంకేతికంగా నిజమే. కానీ పాయింట్లు తీసేశారు. పాయింట్లు అంటే ఒక్కో దళానికి ఒక ధర. ఇద్దరూ తలా 2000 పాయింట్ల సైన్యం తెస్తే ఆట సమానం. అది లేకపోతే ఎవరు ఎంత పెట్టాలో మాట్లాడుకుని తేల్చుకోవాలి. పైగా కొన్ని రూల్స్ చూస్తే, ఫలానా వీరుణ్ణి ఆడేటప్పుడు మీ మీసం ఎదుటివాడి మీసం కన్నా ఘనంగా ఉంటే పాచిక మళ్ళీ వేసుకోవచ్చు. సరదాకి రాశారు, నాకూ నవ్వొచ్చింది. కానీ అంతకు నాలుగు నెలల ముందే లోకం మొత్తం పోగొట్టుకున్నవాడికి ఆ జోకు ఎలా వినపడుతుంది? అప్పట్లో ఒకాయన తన డార్క్ ఎల్ఫ్ సైన్యాన్ని తగలబెట్టి వీడియో పెట్టాడు. జనం తిట్టారు, ఏడ్చారు, వాదించారు.

పీటల సంగతి చూడండి. కొత్త ఆటలో కొలత బొమ్మ నుంచి బొమ్మకి, పీటతో పనే లేదన్నారు. కాబట్టి చదరపు పీటలతో కూడా ఆడొచ్చు. కానీ కొత్త పెట్టెల్లో గుండ్రటి పీటలు వచ్చాయి. వరుసలు లేవు, పక్క నుంచి కొట్టడం, వెనక నుంచి కొట్టడం లేవు. చదరం మీద నిలబెట్టిన నలభై మంది చేసిన పనంతా వరుస కట్టడమే. ఇప్పుడు ఆ పనే లేదు.

అప్పుడు నాటింగ్‌హామ్‌లోనే ఉన్న ఇంకో కంపెనీ తలుపు తీసింది. మాంటిక్ గేమ్స్. 2008లో రానీ రెంటన్ పెట్టాడు, ఆయన గేమ్స్ వర్క్‌షాప్‌లో పనిచేసి బయటికొచ్చిన మనిషి. వాళ్ళ ఆట కింగ్స్ ఆఫ్ వార్, రాసింది అలెస్సియో కావటోరె. ఈయనా గేమ్స్ వర్క్‌షాప్‌లో వార్‌హ్యామర్ రూల్స్ రాసినవాడే. రెండో ఎడిషన్ సరిగ్గా 2015లోనే వచ్చింది. ఆ ఏడాది చివర్లో అన్‌చార్టెడ్ ఎంపైర్స్ అనే పుస్తకం వేశారు. అందులో రాట్‌కిన్ అనే ఎలుకలు, ఎంపైర్ ఆఫ్ డస్ట్ అనే ఎడారి శవాలు ఉన్నాయి. పేర్లు వేరు, కానీ ఎవరి బొమ్మల కోసం రాశారో అందరికీ అర్థమైంది. ఈ సైన్యాల్లో చాలావాటికి మాంటిక్ దగ్గర అప్పటికి సొంత బొమ్మలే లేవు. వేరే కంపెనీ బొమ్మలకి ఇల్లు కట్టి అద్దెకిచ్చారన్నమాట.

మరి ఆట ఒకటేనా అంటే కాదు. వార్‌హ్యామర్‌లో ఒక్కో సైనికుడు చచ్చినప్పుడల్లా బొమ్మ తీసేస్తాం. కింగ్స్ ఆఫ్ వార్‌లో దళం అంతా ఒక్కటే మనిషి లెక్క. దెబ్బలు పోగవుతుంటాయి, బొమ్మలు కదలవు. కొట్టినవాడు చివర్లో రెండు పాచికలు వేసి, ఆ దళానికి తగిలిన మొత్తం దెబ్బలు కలుపుతాడు. దళం ధైర్యం 13/15 అనుకోండి. దెబ్బలు 6, పాచికలు 7 పడితే 13, దళం తడబడుతుంది. పాచికలు 9 పడితే 15, దళం మొత్తం బల్ల మీంచి లేచిపోతుంది. మీ వంతులో పాచికలు మీరే వేస్తారు, ఎదుటివాడు వేసేది ఏమీ లేదు, అందుకే చెస్ గడియారం పెట్టి కూడా ఆడొచ్చు.

నా దగ్గరున్న ఎలుకల సైన్యం సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. మొదటి రెండు ఆటలు నాకు వెలితిగా అనిపించాయి. వార్‌హ్యామర్‌లో ఎలుకలంటే సొంత ఫిరంగి పేలి సొంతవాళ్ళే చావడం, పిచ్చి నవ్వులు. ఇక్కడ శుభ్రంగా, లెక్కగా ఉంది. మూడో ఆటకి మా ఫ్రెండ్ నా దళాన్ని పక్క నుంచి వచ్చి కొట్టాడు. పక్క నుంచైతే దెబ్బలు రెట్టింపు, వెనక నుంచైతే మూడింతలు. అప్పుడు అర్థమైంది, ఈ ఆటలో నవ్వు పాచికల్లో లేదు, కదలికలో ఉంది. నాకు ఇప్పుడు ఇదే ఎక్కువ నచ్చుతుంది. ఆ వెలితి మాత్రం పూర్తిగా పోలేదు.

బొమ్మ తీసే పని లేదు కాబట్టి జనం ఇంకో పని మొదలుపెట్టారు. 20 మంది రెజిమెంట్ అంతా కలిపి ఒకే పెద్ద పీట, 100 మిల్లీమీటర్లు అడ్డం, 80 నిలువు. దాని మీద కూలిన గోడ, బురద గుంట, మధ్యలో జెండా. దసరా బొమ్మల కొలువులో చిన్న పార్కు కట్టినట్టు. అందం అమోఘం. కానీ ఒకసారి అలా అతికిస్తే పాత ఆటకి తిరిగి రావడం కష్టం. పాత పీటల నుంచి బొమ్మల్ని ఊడబెరకడానికి ఫ్రీజర్లో పెట్టేవాళ్ళు, సూపర్ గ్లూ చలికి పెళుసై పట్టు వదులుతుంది. ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన ఎలుకల డబ్బా. కొందరు మాత్రం పెద్ద పీట మీద అతికించకుండా ట్రేలలో పెట్టుకున్నారు, ఎప్పటికైనా వెనక్కి వెళ్ళొచ్చని.

అందరూ మాంటిక్‌కే వెళ్ళలేదు. యూరప్ టోర్నమెంట్ ఆటగాళ్ళు సొంతంగా ది నైన్త్ ఏజ్ అనే రూల్స్ రాసుకుని ఉచితంగా పెట్టారు. కొందరు పాత ఎడిషన్లే ఆడుతూ ఉండిపోయారు. పుస్తకం ఇంట్లోనే ఉంది, ఎవరూ వచ్చి పట్టుకుపోలేదు కదా. ఇక ఏజ్ ఆఫ్ సిగ్మార్‌కి 2016లో పాయింట్లు వచ్చాయి, తర్వాత అది బాగా నిలదొక్కుకుంది. అది చెత్త ఆట అని నేను అనను. కాకపోతే వేరే ఆట.

ట్రేలలో పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి వస్తాను. 2019 నవంబర్లో గేమ్స్ వర్క్‌షాప్ ఓల్డ్ వరల్డ్‌ని మళ్ళీ తెస్తామని ప్రకటించింది. 2024 జనవరిలో తెచ్చింది కూడా. చదరపు పీటలు, వరుసలు, అన్నీ వెనక్కొచ్చాయి. మొదటి పెట్టెల్లో ఎవరున్నారో తెలుసా? బ్రెటోనియా గుర్రపు వీరులు, ఎడారి టూంబ్ కింగ్స్. 2015, 16ల్లో అమ్మకాల్లోంచి పూర్తిగా తీసేసింది సరిగ్గా ఈ రెండు సైన్యాలనే.

కానీ పీటల కొలత మారింది. మనుషులకి పాతది 20 మిల్లీమీటర్లు, కొత్తది 25. ఓర్క్‌లకి 25 ఉండేది, ఇప్పుడు 30. పాత పీటలకి అంచులు తొడిగే చిన్న అడాప్టర్లు, లోపల దూరం పెంచిన ట్రేలు 3డి ప్రింటర్లలో తీసుకుంటున్నారు. ఇక ఏడు సైన్యాలకి పుస్తకం రాదు, ఒక ఉచిత పి.డి.ఎఫ్. ఇచ్చి ఊరుకున్నారు. తగలబెట్టిన ఆ డార్క్ ఎల్ఫులు అందులో ఉన్నారు. మా ఎలుకలూ ఉన్నాయి. అదే ఏడాది జూలైలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ నాలుగో ఎడిషన్ పెట్టె వచ్చింది, అందులో సగం కొత్త ఎలుకలే, చాలా అందంగా చేశారు, గుండ్రటి పీటల మీద. నా పాతవి మాత్రం ఇంకా చదరం మీదే ఉన్నాయి, ట్రేలోనే. వచ్చే ఆదివారం కింగ్స్ ఆఫ్ వార్ ఆట ఉంది. ఉంటాను మరి.