పాస్టరు – శాసనసభ స్థానము: ఉత్తర తెలంగాణ సంఘమునకు చరిత్ర చెప్పు పాఠములు

పాస్టరు శాసనసభ ఎన్నికలలో అభ్యర్థిగా నిలువవచ్చునా? ఎన్నికలు వచ్చిన ప్రతిసారి కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల సేవకుల కూడికలలో ఈ ప్రశ్న వినబడుచున్నది. కొందరు యోసేపును, దానియేలును చూపి “నిలువవచ్చును” అందురు. కొందరు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును చూపి, వాక్య పరిచర్యను విడువరాదందురు. ఇరుపక్షముల వాదనలో చరిత్ర తరచుగా మరుగున పడుచున్నది. చట్టము ఏమి అనుమతించినది, ముందు నడచినవారు ఏమి చేసిరి, మన ప్రాంతములో ఏ ద్వారము తెరచియున్నది, ఏది మూయబడియున్నది అను మూడు సంగతులను ఈ వ్యాసములో పరిశీలింతుము.

1. చట్టము – బోధకుడు

ఇతర దేశములలో ఈ ద్వారము చాలాకాలము మూయబడియుండెను. ఇంగ్లాండు సంఘ గురువులకు కామన్స్ సభలో కూర్చుండుటకు 2001 చట్టముతోనే అడ్డు తొలగినది. అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రము 1796 నుండి బోధకులను శాసనసభకు అనర్హులుగా ఉంచినది. చట్టనూగా పట్టణ బాప్టిస్టు పాస్టరు పాల్ మెక్‌డానియెల్ రాజ్యాంగ సవరణ సభకు పోటీ చేసినప్పుడు ఆ నిషేధము ఆయనకు అడ్డువచ్చెను. 1978లో అమెరికా సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. రోమన్ కాథలిక్ సంఘము మాత్రము 1983 నాటి సంఘ చట్టములో, పౌర అధికారము చెలాయించు పదవులను గురువులు స్వీకరించరాదని విధించెను. 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ సీరో మలబార్ మేత్రాసన గురువులు దీనికి సమానమైన నియమము క్రిందనే ఉన్నారు.

భారత రాజ్యాంగములో అట్టి నిషేధము లేదు. 173వ అధికరణ అర్హతలను, 191వ అధికరణ అనర్హతలను చెప్పుచున్నవి. వాటిలో మత బోధకుడను మాట లేదు. చట్టరీత్యా పాస్టరుకు, పూజారికి, మౌల్వీకి ఒకే హక్కు కలదు.

2. ముందు నడచినవారు

మన దేశములో ఈ విషయమునకు ముఖ్య సాక్షి రెవ. జె.జె.ఎం. నికోల్స్ రాయ్. ఖాసీ కొండలకు చెందిన ఈ చర్చ్ ఆఫ్ గాడ్ సేవకుడు 1921లో అస్సాం శాసనమండలిలో ప్రవేశించెను, తరువాత మంత్రి ఆయెను. రాజ్యాంగ సభ సభ్యుడుగా, కొండజాతుల స్వయంపాలనకు ఆధారమైన ఆరవ షెడ్యూలు రూపొందుటలో ప్రధాన పాత్ర వహించెను. ఆయన పని తన సంఘమునకు మాత్రమే మేలు చేయలేదు. సువార్త నెరుగని కొండజాతుల భూమికి, ఆచారములకు కూడ రక్షణ తెచ్చెను.

నెదర్లాండ్సులో అబ్రహాము కైపర్ మరియొక మార్గము చూపెను. సంప్రదాయ సంస్కరణ విశ్వాసమునకు గట్టిగా నిలిచిన ఈ పాస్టరు 1874లో పార్లమెంటులో స్థానము స్వీకరించినప్పుడు సంఘ కాపరి పదవిని విడిచిపెట్టెను. 1901 నుండి 1905 వరకు ప్రధానమంత్రిగా ఉండెను. ఒకే మనుష్యుడు ప్రసంగ వేదికనుండి, ఎన్నికల వేదికనుండి ఒకేసారి మాటలాడరాదను పాఠము ఈ అడుగులో కనబడుచున్నది.

తెలుగు నేలపై బిషప్ వి.ఎస్. అజరయ్య నిజాం రాజ్యములోని దోర్నకల్ నుండి వేరొక ప్రశ్న లేవనెత్తెను. 1932 కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినప్పుడు ఆయన వ్యతిరేకించెను. సంఘము ఓట్ల లెక్కలో ఒక జాతిగా మారినచో, సువార్త సంఖ్యాబలము పెంచుకొను పనిగా ఎంచబడునని ఆయన భయపడెను. అయినను 1935 చట్టము క్రింద మద్రాసు శాసనసభలో క్రైస్తవులకు ప్రత్యేక స్థానములు ఏర్పడినవి. రాజ్యాంగ సభలో హెచ్.సి. ముఖర్జీ, ఫాదర్ జెరోమ్ డిసౌజా వంటి క్రైస్తవ నాయకులు మత ప్రాతిపదికపై రిజర్వేషను వద్దను పక్షమున నిలిచిరి. 1949లో మన పెద్దలు ఆ హక్కును స్వచ్ఛందముగా విడిచిరి. కనుక నేడు క్రైస్తవ అభ్యర్థి అందరి ఓటు అడుగవలసినవాడే.

3. మునుగోడు పాఠము

తెలంగాణలో ఇటీవలి ఉదాహరణ డా. కె.ఏ. పాల్. లోకమంతట సభలు జరిపి పేరుపొందిన ఈ సువార్తికుడు 2008లో ప్రజాశాంతి పార్టీని స్థాపించెను. 2022 నవంబరు 3న నల్గొండ జిల్లా మునుగోడు శాసనసభ ఉప ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచెను. ఆ ఎన్నికలో మొత్తము 47 మంది అభ్యర్థులు ఉండిరి. కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 10,309 ఓట్ల ఆధిక్యతతో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డిపై గెలిచెను. రెండు లక్షలకు పైగా ఓట్లు పోలైన ఆ నియోజకవర్గములో పాల్ గారికి వచ్చినవి 805.

ఈ సంఖ్యను ఎగతాళికి వాడుట తగదు. దానిలో పాఠము కలదు. సువార్త సభకు వచ్చు జనసమూహము ఓటరు సమూహము కాదు. ప్రార్థన కొరకు చేయెత్తినవాడు పింఛను, సాగునీరు, తన ఊరి నాయకుడు, తన కులము చూచి ఓటు వేయును. పోలైన చెల్లు ఓట్లలో ఆరవ వంతు రానిచో డిపాజిట్టు పోవును. సంఘ సభ్యత్వ పట్టికను ఓటర్ల జాబితాగా చదువు సేవకులు ఈ 805ను గుర్తుంచుకొనవలెను.

4. మూయబడిన ద్వారము

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2008 పునర్విభజన ప్రకారము ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో 13 శాసనసభ స్థానములు, ఉమ్మడి ఆదిలాబాద్‌లో 10 కలవు. కరీంనగర్‌లో చొప్పదండి, మానకొండూర్, ధర్మపురి, ఆదిలాబాద్‌లో చెన్నూర్, బెల్లంపల్లి షెడ్యూల్డు కులములకు కేటాయించబడినవి. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ షెడ్యూల్డు తెగలకు కేటాయించబడినవి.

మన సంఘములలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కుల హోదా నిచ్చెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఈ నియమమును నిలిపెను. రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో దీనిని తొలగించవలెనని సిఫారసు చేసెను గాని అది అమలు కాలేదు. తెలుగు రాష్ట్రములలో ఇట్టివారిని బి.సి.–సి వర్గములో చేర్చిరి. కాని శాసనసభలో బి.సి.లకు కేటాయించిన స్థానములు లేవు. కావున బాప్తిస్మము పొందిన ధర్మపురి దళిత పాస్టరు తన సొంత నియోజకవర్గములో అభ్యర్థి కాజాలడు. కోరినచో జగిత్యాలలోనో, మంథనిలోనో సాధారణ స్థానమునకు నిలువవలెను.

ఈ నియమము ఎంత పదునైనదో కోలారు బంగారు గనుల కేసు చూపుచున్నది. 1967లో ఎస్. రాజగోపాల్ అచ్చటి రిజర్వుడు స్థానము నుండి మైసూరు శాసనసభకు గెలిచెను. ఆయన 1949లో క్రైస్తవుడాయెనని ప్రత్యర్థి ఆరుముగం కోర్టుకు వెళ్లగా ఆ ఎన్నిక రద్దయ్యెను. 1972లో మరల గెలువగా, ఆయన తిరిగి హిందువై తన కులముచేత అంగీకరించబడెనని 1975లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను నిలిపెను. అనగా ఆ స్థానము దక్కుటకు విశ్వాసము విడుచుట షరతాయెను. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పది సంవత్సరములకు పైగా పాస్టరుగా ఉన్న ఒక ఫిర్యాదుదారునికి అట్రాసిటీ చట్ట రక్షణ వర్తించదని తీర్పు చెప్పెను.

తెగల విషయము వేరు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతపు షరతు లేదు. బోథ్‌లో గోండు విశ్వాసి తన బాప్తిస్మమును దాచకుండ నామినేషను వేయవచ్చును. జనజాతి సురక్షా మంచ్ వంటి సంస్థలు ఈ హక్కును తీసివేయవలెనని కోరుచున్నవి. ఒకే ఉమ్మడి జిల్లాలో, ఒకే బల్ల యొద్ద రొట్టె విరుచు ఇద్దరు విశ్వాసులలో ఒకనికి ద్వారము తెరచియున్నది, మరియొకనికి మూయబడియున్నది.

ఇక్కడనే మన పరిచర్యకు అసలైన పరీక్ష ఉన్నది. శాసనసభకు మాత్రమే కాదు, గ్రామ పంచాయతి రిజర్వుడు స్థానమునకు కూడ ఇదే నియమము. యౌవనుడు వచ్చి తన పేరు బాప్తిస్మపు రిజిస్టరులో వ్రాయవద్దని అడిగినచో పాస్టరు ఏమి చెప్పవలెను? అతనిని అవిశ్వాసియని గద్దించుట సులభము. కాని అతనిని ఆ ఇరుకున పెట్టినది అతని పాపము కాదు, ఒక ఉత్తర్వు. రిజిస్టరును దాచి అబద్ధమునకు తోడ్పడుటయు తగదు. అతనితో సత్యము చెప్పి, ఆ ఉత్తర్వు మార్పు కొరకు సంఘము బహిరంగముగా మాటలాడవలెను. విశ్వాసికి కలుగు నష్టమును అతని ఒక్కని భుజములపై వేసి, వేదికపై సమర్పణ గూర్చి ప్రసంగించుట కాపరి పని కాదు.

5. వేదిక – ఎన్నిక

సాధారణ స్థానమునకు నిలుచు పాస్టరు సహితము రెండు చట్టములు ఎరుగవలెను. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ సెక్షను మతము పేర ఓటు అడుగుటను, దైవశిక్ష కలుగునని ఓటరును భయపెట్టుటను అవినీతి చర్యలుగా ఎంచుచున్నది. 1959లో రామ్ దయాల్ కేసులో నామధారి గురువు అనుచరులకు ఆజ్ఞ ఇచ్చిన కారణముగా ఒక ఎన్నిక చెల్లకపోయెను. 2017లో అభిరాం సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అభ్యర్థి మతమే కాక ఓటరు మతము పేర అడుగుటయు నిషిద్ధమని తీర్పు చెప్పెను. 1988 చట్టము ప్రార్థనా స్థలములను రాజకీయ కార్యములకు వాడుటను శిక్షార్హము చేసెను. కనుక ఆదివారపు ఆరాధనలో ఓటు అడిగిన సేవకుడు తన ఎన్నికను, తన సంఘ మందిరమును కూడ ప్రమాదములో పెట్టును.

ముగింపు

పాస్టరు అభ్యర్థి కావచ్చును. అయితే నామినేషనుకు ముందే కాపరి బాధ్యతను మరియొకనికి అప్పగించవలెను. ఓడినచో వెంటనే అదే వేదికకు తిరిగి రాక, తనకు ఓటు వేయని విశ్వాసులు నిర్భయముగా ఆరాధించునట్లు కొంతకాలము ఆగుట మేలు. నికోల్స్ రాయ్ వలె తనవారు కానివారి భూమి కొరకు, నీటి కొరకు మాటలాడగలిగినవాడే సభకు తగినవాడు. సంఘ పెద్దలు అభ్యర్థిని ఎన్నుకొనుటకంటె ముందు, చొప్పదండిలోను, చెన్నూరులోను తమ బాప్తిస్మమునకు వెల చెల్లించుచున్న విశ్వాసుల పక్షమున నిలువవలెను. శాసనసభలో మనకు ఒక పాస్టరు లేకున్నను సంఘము బ్రతుకును. ఈ విశ్వాసుల సంగతి పట్టించుకొనని సంఘమునకు మాత్రము శాసనసభలో చెప్పుకొనుటకు మాట ఏమియు మిగులదు.