భూకంపాల చరిత్ర - సూరత్ నేర్వవలసిన పాఠం

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి చేరువలో వెలసిన సూరత్ నగరం మొగలుల కాలంలో పశ్చిమ భారతానికి ప్రధానమైన రేవు పట్టణం. హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరేవి. ఆంగ్లేయులు 17వ శతాబ్ది తొలి దశకాలలో తమ వర్తక స్థావరాన్ని ఇక్కడే నెలకొల్పుకున్నారు. అయితే ఐశ్వర్యాన్ని వెన్నంటి ఆపదలు కూడా వచ్చాయి. 1837లో ఘోరమైన అగ్నిప్రమాదం, ఆ వెంటనే వరద, 1994లో ప్లేగు, 2006లో తిరిగి తపతి వరద - నగర చరిత్రలో ఇవన్నీ పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. భూకంపానికి మాత్రం ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. ఆ స్వల్పత్వాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండరాదని 2001 జనవరి 26వ తేదీ తెలియజెప్పింది.

ఆనాడు గణతంత్ర దినోత్సవం. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు కచ్ జిల్లాలోని భచావ్ సమీపంలో 7.7 తీవ్రతతో భూమి కంపించింది. భుజ్, అంజార్, భచావ్ పట్టణాలు శిథిలాల కుప్పలయ్యాయి. అంజార్‌లో జెండా పండుగ ఊరేగింపుగా ఇరుకు వీధిలో నడుస్తున్న బడిపిల్లలు ఇరువైపులా కూలిన గోడల కింద అసువులు బాశారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే గుజరాత్‌లో 13,800 మందికి పైగా మరణించారు. సూరత్ ఆ కేంద్రానికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అయినా ఇక్కడ బహుళ అంతస్తుల భవనాలు కూలి పలు కుటుంబాలను బలిగొన్నాయి. అహ్మదాబాద్‌లో కూలిన భవనాలు పదుల సంఖ్యలో ఉన్నాయి.

ఇది చరిత్రకు కొత్త సంగతి కాదు. 1819 జూన్ 16న కచ్ రాణ్ ప్రాంతంలో వచ్చిన భూకంపంలో సింద్రీ కోట పరిసరాలు కుంగి నీట మునిగాయి. దానికి ఉత్తరాన పదుల కిలోమీటర్ల పొడవున నేల పైకి లేచి గట్టులా నిలిచింది. మనుషులు కట్టని ఆ గట్టును జనం 'అల్లా బంద్' అన్నారు; అంటే దేవుడు కట్టిన కట్ట. అదే భూకంపంలో ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాద్ జామా మసీదు మినార్లు కూలిపోయాయి. కచ్‌లో భూమి కదిలితే ఆ నగరంలోని ఎత్తయిన కట్టడాలకు ముప్పు తప్పదన్న హెచ్చరిక 182 సంవత్సరాల ముందే అందిందన్నమాట. 1956లో అంజార్ భూకంపం 115 మందిని పొట్టనబెట్టుకున్నది. 1970లో సూరత్‌కు పొరుగున నర్మదా తీరంలోని భరూచ్ కంపించింది. ప్రతిసారీ కొంతకాలం భయం, ఆ పిదప మరపు. పత్రాలలో పదిలంగా ఉన్న జ్ఞాపకం భవన నిర్మాణంలోకి దిగి రాలేదు.

మన దేశంలో భూకంపాలను తట్టుకునే నిర్మాణానికి జాతీయ ప్రమాణాలు 1962లోనే వెలువడ్డాయి. వాటిని తప్పనిసరిగా పాటింపజేసే యంత్రాంగం మాత్రం బలహీనంగా ఉండిపోయింది. వాహనాలు నిలుపుకోవడానికి కింది అంతస్తును గోడలు లేకుండా వదిలి, సన్నని స్తంభాల మీద నాలుగైదు అంతస్తులు లేపారు. పై అంతస్తులకు గోడల బిగువు ఉంటుంది. కింద అది లేదు. భూమి అటూ ఇటూ ఊగినప్పుడు ఆ ఊపు భారమంతా కింది స్తంభాల మీదే పడుతుంది. నది తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు నేల కంపనాన్ని మరింత పెంచుతుంది. ఆధునిక భవనాలు ఇలా నేలకూలగా, కచ్ గ్రామాలలో తాతముత్తాతల పద్ధతిలో కట్టుకున్న 'భూంగా' అనే గుండ్రని మట్టి ఇళ్ళు అనేకం నిలిచాయి. గుండ్రని గోడకు మూలలు లేవు, పైకప్పు తేలిక. పూర్వుల అనుభవం ఇంటి ఆకృతిలోనే నిలిచి ఉండటం ఇక్కడ గమనించదగినది.

విపత్తు తరువాత గుజరాత్ మేల్కొన్నది. 2001లోనే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడింది. 2003లో రాష్ట్ర చట్టం, 2005లో జాతీయ చట్టం వచ్చాయి. కచ్‌లో ప్రభుత్వ సాయంతో ఎవరి ఇల్లు వారే తిరిగి కట్టుకునే పద్ధతిని ప్రోత్సహించారు. గోడలను కలిపి కట్టే కాంక్రీటు పట్టీలు వేయడం మేస్త్రీలకు నేర్పారు. భుజ్ కొండపై 2022లో 'స్మృతివన్' స్మారకం వెలిసింది.

సూరత్‌కు నేర్చుకోవడం కొత్త కాదు. 1994 ప్లేగు తరువాత కమిషనర్ ఎస్.ఆర్. రావు హయాంలో నగరపాలక సంస్థ అధికారులను నిత్యం వీధులలోకి నడిపించి, మురికికి పేరుపడిన నగరాన్ని పరిశుభ్రతకు ఆదర్శంగా మార్చింది. 2006 వరద తరువాత ఉకాయ్ జలాశయం నీటి విడుదలకు ముందుచూపు, హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడ్డాయి. కానీ వరదను ప్రతి వానకాలమూ నది స్వయంగా గుర్తుచేస్తుంది. భూకంపానికి ఋతువు లేదు; ముందుగా చెప్పే శాస్త్రం నేటికీ లేదు. రెండు కంపనాల నడుమ తరాలు గడిచిపోతాయి. కనుక ఆ జ్ఞాపకాన్ని సంస్థలు, పాఠశాలలు, నిర్మాణ నిబంధనలు మోయవలసి ఉంటుంది.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి నేత కుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో స్థిరపడి సూరత్ మరమగ్గాలను నడిపాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతూ వచ్చింది. పొట్ట చేతబట్టుకుని వచ్చినవారికి ఆ నేల పూర్వకథ తెలియదు. అద్దె గది స్తంభాల బలాన్ని ప్రశ్నించే స్తోమత అంతకంటే లేదు. శిథిలాల వద్దకు మొదట చేరేది ఇరుగుపొరుగువారే. కాబట్టి ఆ శిక్షణ వారి భాషలో, వారి వీధిలో అందాలి.

స్వస్థలంలోనైనా నిశ్చింతకు తావు లేదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 1993లో సరిహద్దు అవతలి కిల్లారి, 2024లో ములుగు భూమి కదలికను చవిచూశాయి. కిల్లారిలో వేలమంది ప్రాణాలు తీసినవి మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలే.

భూకంపాన్ని ఆపడం మన చేతిలో లేదు, ఇల్లు కట్టడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. కొత్త భవనానికి అనుమతి పత్రంపై సంతకం చేసే అధికారి, చువ్వలు కట్టే మేస్త్రీ, పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయుడు - ఈ ముగ్గురికీ 1819, 2001 గుర్తుండాలి. వారు మరచిపోతే ఆ పాఠాన్ని భూమి మళ్ళీ ప్రాణాల ధరకే చెబుతుంది.