చేప ముల్లు లాంటి గీత

మిర్యాలగూడ దాటి దామరచర్ల మండలంలోకి పోతే యాదాద్రి థర్మల్ కేంద్రం వస్తుంది. సామర్థ్యం 4,000 మెగావాట్లు. బొగ్గు కాల్చి, ఆ వేడితో నీళ్లను ఆవిరి చేసి, టర్బైన్లు తిప్పుతారు. రేపు ఫ్యూజన్ (కేంద్రక సంలీన) విద్యుత్ కేంద్రం వచ్చినా ఆవిరీ టర్బైనూ తప్పకపోవచ్చు. మారేది వేడి పుట్టే తీరు. అక్కడ హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిస్తే న్యూట్రాన్ బయటికి దూసుకుపోతుంది. 35 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పుట్టిన ఆల్ఫా కణం మాత్రం అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని, తన వేడిని ఇంధనానికి పంచాలి. పంచకముందే జారిపోతే ఇంధనం చల్లబడుతుంది, గోడకూ దెబ్బే.

ఆల్ఫాల్లాంటి వేగపు అయాన్లు (ఆవేశం ఉన్న కణాలు) ప్లాస్మాలో, అంటే ఆ వేడి ఇంధన వాయువులో, అలలు రేపవచ్చని 1975లోనే భౌతిక శాస్త్రవేత్తలు రోజెన్‌బ్లూత్, రూథర్‌ఫర్డ్ లెక్కగట్టారు. అప్పటికి అది కాగితం మీది హెచ్చరికే.

ప్రిన్స్‌టన్‌లోని పీడీఎక్స్ టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించే వలయాకార యంత్రంలో) అది మరో రూపంలో ఎదురైంది. అక్కడ ప్లాస్మాను వేడి చేయడానికి వేగపు పరమాణువుల బీమ్‌ను లోపలికి కొట్టేవాళ్లు. విద్యుదావేశంతో పంపితే క్షేత్రం అడ్డుకుంటుంది కనుక తటస్థంగా పంపుతారు; లోపలికి వెళ్లాక అవి మళ్లీ అయాన్లవుతాయి. ఒత్తిడి పెంచేకొద్దీ అయస్కాంత సంకేతం ఉండుండి ఎగిసిపడేది. కాగితం మీద ఆ గీత అచ్చం చేప ముల్లే. అందుకే ఫిష్‌బోన్ అన్నారు. అది వచ్చినప్పుడల్లా న్యూట్రాన్లు తగ్గేవి, అంటే వేగపు అయాన్లు జారిపోతున్నట్టే. బీమ్ వేడిలో 20 నుంచి 40 శాతం పోతోందని 1983లో ప్రకటించారు. మరుసటి ఏడాది లియు చెన్, రాస్కో వైట్, రోజెన్‌బ్లూత్ కారణం చెప్పారు. చిక్కుకున్న అయాన్లు ముందుకీ వెనక్కీ ఊగుతూనే టోకమాక్ చుట్టూ నెమ్మదిగా జరుగుతుంటాయి. అల ఆ కదలికతో జత కడుతుంది. అయాన్లే అలను పెంచుతాయి, ఆ అలే వాటిని బయటికి తోసేస్తుంది.

అయితే దీన్ని కంప్యూటర్‌లో అనుసరించడం ఎలా? ఒక్కో అయాన్ క్షేత్ర రేఖ చుట్టూ సెకనుకు కోటిసార్లకు పైగా తిరుగుతుంది. వైట్, చాన్స్ 1984లో ఆ గిరికీలను వదిలేసి, వాటి కేంద్రం నడిచే దారిని మాత్రమే లెక్కించారు. ఆర్బిట్ అనే ప్రోగ్రామ్ ఆ పద్ధతి మీదే నిలిచింది. ఏది వదిలేయాలో తెలియడమే ఈ కథలో అసలు తెలివి అని నాకనిపిస్తుంది.

టోకమాక్ గుండ్రని ఆకారం వల్ల కొన్ని ఆల్వెన్ అలలు (క్షేత్ర రేఖలు తీగల్లా కంపిస్తే పుట్టేవి) అణగిపోకుండా బతుకుతాయని 1985లో చెంగ్, చెన్, చాన్స్ చూపారు. 1991లో టీఎఫ్‌టీఆర్, డీత్రీ-డీ యంత్రాల్లో వాటిని పట్టుకున్నారు. ఆల్ఫాలు లేకున్నా, క్షేత్రాన్ని తగ్గించి అలల వేగాన్ని బీమ్ అయాన్లకు అందేంతకు దించారు!

అసలు తికమక 2007లో వచ్చింది. డీత్రీ-డీలో వేగపు అయాన్లు వెలువరించే కాంతిని కొలిస్తే, నడిమధ్యన గుట్టగా ఉండాల్సిన చోట చదునుగా ఉన్నాయి. కొలిచిన అలలేమో చాలా చిన్నవి. మొదటి లెక్కల్లో అంత నష్టం రాలేదు. చిన్న అలలు చాలా ఉండి, వాటి ప్రభావాలు ఒకదానిమీదొకటి పడితే చాలని ఆ తర్వాత వైట్ బృందం ఆర్బిట్‌తోనే తేల్చింది.

2016లో కామి కాలిన్స్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. బీమ్ శక్తి ఒక హద్దు దాటాక, ఎంత పోసినా వేగపు అయాన్ల సాంద్రత వాలు పెద్దగా పెరగడం లేదు, బయటికి పోయేవే పెరుగుతున్నాయి. సూర్యాపేట పల్లెల్లో నిండిన చెరువును చూసినవాళ్లకు ఇది వింత కాదు: పై నుంచి ఎంత వరద వచ్చినా మట్టం అలుగు దగ్గరే ఆగుతుంది, మిగతాది దుంకుతుంది. లెక్క కట్టేవాళ్లకు ఇది వరం. ప్రతి అయాన్‌నూ వెంటాడకుండా అలుగు ఎత్తు తెలిస్తే చాలా పని గడుస్తుంది.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ టోకమాక్‌లో ఆ ఎత్తు ఎంతో ముందే చెప్పడం ఇప్పటి పని. అక్కడి బీమ్‌లు 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులవి. వాటిని ఎటు గురిపెట్టాలో నిర్ణయించుకోవచ్చు. ఆల్ఫాలు మాత్రం అన్ని దిక్కులకూ పుడతాయి.