చస్తే ఏం పోతుంది? కష్టమైన ఆటల పుట్టుపూర్వోత్తరాలు

ఒకప్పుడు ఢిల్లీలో కన్నాట్ ప్లేస్ నేల కింద ఉన్న పాలికా బజార్‌లోనూ, నెహ్రూ ప్లేస్‌లోనూ వీడియో గేమ్‌ల దొంగ కాపీ సీడీలు పలచటి ప్లాస్టిక్ కవర్లలో దొరికేవి. కారు పందేలకీ తుపాకీ ఆటలకీ అంతకుమించి అక్కర్లేదు. రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఆర్పీజీ, సంగతి వేరు. 1998లో వచ్చిన బాల్డర్స్ గేట్ అసలు పెట్టెలో లావుపాటి పుస్తకం ఉండేది. కత్తి దెబ్బ ఎందుకు తగిలిందో, ఎందుకు తప్పిందో ఆ లెక్కంతా అందులోనే. పుస్తకం లేకుండా సీడీ మాత్రమే కొనుక్కున్నవాడు మొదటి తోడేలు చేతిలోనే చచ్చేవాడు. ఆర్పీజీ కొరకరాని కొయ్య అన్న పేరు మన దగ్గర పడడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

అసలు ఆ లెక్క పుట్టింది 1970ల మొదట్లో, అమెరికాలోని మినెసోటాలో. డేవ్ ఆర్నెసన్ అనే యువకుడు స్నేహితులతో బ్లాక్‌మూర్ అనే ఆట నడిపేవాడు. అప్పటిదాకా వాళ్లాడిన యుద్ధపుటాటల్లో బొమ్మ సైనికుడికి దెబ్బ తగిలితే చచ్చినట్టే. పెద్ద సైన్యంలో ఒకడు పోతే ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర, దానికో పేరు, ఓ కథ. అది ఒక్క దెబ్బకే పోతే వాళ్లు ఒప్పుకోలేదు. ఆర్నెసన్ ఇనుప యుద్ధనౌకల ఆటకి వాడిన నియమాలను బయటికి తీశాడు. ఓడ ఒక్క గుండుకే మునగదు, ఎన్ని దెబ్బలకు మునుగుతుందో దానికో లెక్క ఉంటుంది. ఆ లెక్కనే మనిషికి వర్తింపజేశాడు. అవే హిట్ పాయింట్లు. గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాటిని లోకమంతా పాకించింది. పాత్ర మీది మమకారమే ఈ నియమానికి తల్లి. పోరాటం ఎంత కఠినమో కొలిచేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఆర్పీజీలు కంప్యూటర్లోకి వచ్చాక దారులు చీలాయి. 1980 నాటి రోగ్ అనే ఆటలో చస్తే అంతా పోయినట్టే. 1986లో జపాన్‌లో యూజీ హోరీ చేసిన డ్రాగన్ క్వెస్ట్‌లో మాత్రం సగం బంగారమే పోయేది, సంపాదించిన అనుభవం చెక్కుచెదరదు. చేతి వేగం లేకపోయినా ఓపికుంటే చాలు.

2009లో జపాన్ గేమ్ దర్శకుడు మియజాకి మళ్లీ కష్టమైన దారి పట్టి డీమన్స్ సోల్స్ తెచ్చాడు. చస్తే కూడబెట్టినదంతా అక్కడే పడిపోతుంది. మళ్లీ ఆ చోటికి చేరితే దొరుకుతుంది, దారిలోనే చస్తే శాశ్వతంగా పోతుంది. అప్పట్లో సోనీ గేమ్ స్టూడియోల పెద్ద షుహే యోషిదా దాదాపు రెండు గంటలు ఆడి, ఇంకా మొదట్లోనే ఉండిపోయి, చెత్త ఆట అని తేల్చేశానని తర్వాత తనే చెప్పాడు. అమెరికాలో దాన్ని విడుదల చేసింది సోనీ కాదు, అట్లస్. అదే మియజాకి ఎల్డెన్ రింగ్ 2022లో మూడు వారాలు నిండకముందే కోటీ ఇరవై లక్షలు అమ్ముడైంది. పదమూడేళ్లలో తిట్టే బిరుదైంది.

మనవాళ్లూ కఠినమైనదీ మెత్తనిదీ రెండు దారులూ తొక్కారు. హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన అసుర రోగ్ సంతానం: చచ్చి మళ్లీ మొదలుపెడితే నైపుణ్యాల చెట్టు కూడా కొత్తగా మొలుస్తుంది. పైరోడాక్టిల్ అనే భారతీయ బృందం 2014లో చేసిన అన్‌రెస్ట్ ప్రాచీన భారతాన్ని తలపించే కరువు రాజ్యపు కథ. అందులో పోరాటాన్ని చాలావరకు మాటలతోనే తప్పించుకోవచ్చు, పాత్ర చచ్చినా కథ ఆగదు.

ఆర్పీజీ కష్టమని వదిలేసినవాళ్లు అన్‌రెస్ట్‌తో మొదలుపెట్టండి. కష్టమే కావాలనుకుంటే మన హైదరాబాద్ అసుర ఉంది.