నీడ ఎక్కడ మాయమైంది?

అక్టోబరు రెండో గురువారం ప్రపంచ దృష్టి దినం. ఆలోగా కళ్ల మీద ఏదైనా పంపమని ఎడిటరుగారి తాఖీదు. ఇలాంటప్పుడు అందరికీ గుర్తొచ్చేది 1862 నాటి స్నెల్లెన్ పట్టిక. తెల్లటి అట్ట మీద నల్లటి అక్షరాలు. లోకం అంత నలుపూ తెలుపుగా ఉండదు. శుక్లం మొదలైన మనిషి ఆసుపత్రిలో సిక్స్ బై సిక్స్ చదివేసి, అసురసంధ్య వేళ సొంత గుమ్మం మెట్టు కనబడక తూలవచ్చు. అక్షరం ఎంత చిన్నదో కాదు, ఎంత మసకదో కొలవాలి. అదే కాంట్రాస్ట్ సెన్సిటివిటీ.

11వ శతాబ్దంలో ఇబ్న్ అల్ హైతమ్ చూపు గురించి పెద్ద గ్రంథమే రాశాడు. ఆయనకో దండం పెట్టి ఏడు వందల ఏళ్లు ఒక్క అంగలో దాటేస్తాను. ఈ మసకను కొలిచినవాళ్లలో నాకిష్టమైనవాడు అవతలి గట్టున, ఫ్రాన్సులో ఉన్నాడు.

పియెర్ బుగే 1698లో పుట్టాడు. తండ్రి పోతే పదిహేనేళ్లకే ఆయన కొలువులో చేరి నౌకావిద్య బోధించాడు. 1735లో భూమి ఆకారం తేల్చడానికి పెరూ వెళ్లి, ఆండీస్ కొండల్లో ఏళ్ల తరబడి తిరిగి, తోటి పండితుడు లా కొండమీన్‌తో చెడి తిరిగొచ్చాడు. అంత పెద్ద కొలతలు చేసినవాడి చేతిలో నాకు ముచ్చటగా కనిపించేవి మాత్రం రెండు కొవ్వొత్తులు, ఒక పుల్ల. తెల్లటి తెరకు అడుగు దూరంలో ఒక కొవ్వొత్తి. రెండోదాని ముందు పుల్ల నిలిపితే తెర మీద నీడ పడుతుంది. ఆ రెండోదాన్ని వెనక్కి జరుపుతూ పోతే నీడ పలచబడి, ఎనిమిది అడుగుల దగ్గర కంటికి ఆనకుండా పోయింది. దూరం ఎనిమిదింతలైతే వెలుగు అరవై నాలుగో వంతు. అంటే ఆ కంటికి అంతకన్నా చిన్న తేడా తెలియదన్నమాట! ఈ కొలత ఉన్న పుస్తకం 1760లో అచ్చయింది. అప్పటికి బుగే పోయి రెండేళ్లు.

తర్వాత కథ చిక్కుపడింది. 1956లో షేడ్ అనే టీవీ ఇంజినీరు, 1968లో కేంబ్రిడ్జిలో కాంప్‌బెల్, రాబ్సన్ నీడను చారలుగా మార్చారు. ఒక్కో చార వెడల్పుకు ఒక్కో కొలత, వందల ప్రశ్నలు. ముసలివాళ్లు కుర్చీలోనే కునుకు తీసేంత పని. 1988లో పెల్లి, రాబ్సన్ ఒకే సైజు అక్షరాలు మూడేసి చొప్పున పలచబడిపోయే పట్టిక చేశారు. త్వరగా తేలుతుంది, కానీ చెప్పేది ఒక్క అంకె. 2010లో లెస్మెస్ బృందం కంప్యూటరుకు అడ్డప్రశ్నలేసే ప్లీడరు తెలివి నేర్పింది. ఒక్కో జవాబు విని, ఎక్కువ విషయం రాబట్టే ప్రశ్నే తర్వాత వేస్తుంది. పాతిక ప్రశ్నల్లో స్థూలంగా, వందలో నిక్కంగా అన్ని చార వెడల్పులకూ కలిపి మొత్తం రేఖ వస్తుంది.

ఇప్పుడు పేచీ కంప్యూటరు తెరతో. మామూలు తెరకు నలుపు నుంచి తెలుపుదాకా ఉన్నవి 256 మెట్లు. మంచి కంటికి పక్కపక్క మెట్ల తేడా కూడా తెలిసిపోవచ్చు. అందుకే ఇంజినీర్లు సన్నటి చుక్కలు చల్లి, లేని మెట్లు పుట్టిస్తున్నారు.